ఒక్కచోటే ఉంచిన ముఖం

కొమ్ము జోసెఫ్ రత్నాన్ని నేను మొదట చూసింది పెబ్బేరు బస్టాండు ఎదుట, అతని ఫోటో స్టూడియో ముందు. కొత్త బోర్డు మీద ‘ఛాయచిత్రాలు’ అని ఉంది. దీర్ఘం పోయిందని చెప్పకుండా ముందుకు నడవలేకపోయాను. అతడు వెంటనే నిచ్చెన తెచ్చుకున్నాడు.

“ఏడ పెట్టాల్నో చూపియ్యుండ్రి టీచరమ్మా.”

“నేను టీచరునని నీకెవరు చెప్పారు?”

“తప్పు దొరకంగనే మొఖం గట్ల వెలిగిపాయె. ఇంక ఒకరు చెప్పాల్నా?”

ఆ రోజే దీర్ఘం పడింది. పనిలో అతడు అంత నియమంగల మనిషి. ఫోటో తీసిన ప్రతి ముఖానికీ ఒకే కాగితపు కవరు, ఆ ముఖం నెగెటివ్‌లన్నీ అందులోనే; ముఖం ఒక్కచోటే ఉండాలనేవాడు. ఏ ఊరివాళ్లు ఎప్పుడొచ్చి అడిగినా చేయి నేరుగా ఆ కవరు మీదికే పోయేది. నెగెటివ్‌ను దీపానికి అడ్డుపెట్టి అటూ ఇటూ తిప్పి చూసేవాడు. “తిప్పినకొద్ది కుడి ఎడమైతది, ఎడమ కుడైతది. అంగీ గుండీలు జూస్తెగాని నాకే తెల్వదు” అని నవ్వేవాడు.

అతని ఒక్కగానొక్క కూతురు మానస ఎనిమిదో తరగతిలో మా పాఠశాలలో చేరింది. పెదవి పక్కన నువ్వుగింజంత పుట్టుమచ్చ. నవ్వితే అదీ కదిలేది. ఆ ఏడాది తరగతి ఫోటో తీయడానికి జోసెఫ్ వచ్చిన రోజు పిల్ల జ్వరంతో ఇంట్లో ఉంది. “బిడ్డ లేసినంక మల్లొకటి తీస్త” అన్నాడు. అది జ్వరం కాదు, పచ్చకామెర్లు. పిల్ల మళ్లీ లేవలేదు. తల్లి సుగుణమ్మ పిల్ల బట్టలతోపాటు గోడమీది ఫోటోలనూ శవపేటికలోనే పెట్టించింది. మిగిలినవి జోసెఫ్ దగ్గరి నెగెటివ్‌లు మాత్రమే.

రెండేళ్లకు, 2005లో, స్టూడియోలోకి కంప్యూటరు వచ్చింది. కూతురి నెగెటివ్‌లన్నిటినీ అతడు అందులోకి ఎక్కించాడు. ఎక్కించాక, ముఖం ఒక్కచోటే ఉండాలన్న పాత నియమం ప్రకారం, కాగితం మీద ఒక్కటీ వేయకుండానే, బూజు పట్టిన ఆ నెగెటివ్‌లను పెరట్లో కాల్చేశాడు. ఉద్యోగ విరమణకు ముందు బడిలో నేనూ కాస్త కంప్యూటరు నేర్చుకున్నాను. అతడు ఫైళ్లను ఒక చోటి నుంచి మరో చోటికి మార్చేటప్పుడు ఎప్పుడూ ‘కట్’ మీదే నొక్కడం గమనించి, ‘కాపీ’ చేస్తే మొదటిది కూడా ఉన్నచోటే ఉంటుందని చెప్పాను.

“రెండుంటే అసలుదేది, నకలేది టీచరమ్మా?”

“కంప్యూటరులో ఆ తేడా లేదు జోసెఫ్. రెండూ అసలువే.”

“గదెట్ల? నాకున్నది ఒక్క బిడ్డనే గద.”

అంటూ మళ్లీ ‘కట్’ మీదే నొక్కాడు.

2007 వానాకాలంలో పెళ్లి ఫోటోలతో కంప్యూటరు నిండిపోయింది. జోసెఫ్ మానస ఫోటోలన్నిటినీ కట్ చేసి ఒక పెన్‌డ్రైవ్‌లోకి మార్చి, దానిని అంగీ జేబులో వేసుకున్నాడు. బిడ్డ గుండెకాడ ఉంటదన్నాడు. ఆ శనివారం పశువుల సంతకు వెళ్లాడు. ఎద్దులను అమ్ముకునే రైతులు కొన్నవాడి చేతికి పలుపుతాడు ఇచ్చే ముందు వాటి పక్కన నిలబడి ఫోటో దిగుతారు. అతనికి అది బాగా పని దొరికే చోటు. సంత మధ్యలో పెద్ద వాన. కెమెరాను అంగీలో చుట్టి కాపాడుకున్నాడు. జేబులోది తడిసింది. ఆరబెట్టి ఉంటే బతికేదేమో. బిడ్డకేమైందోనన్న ఆత్రంతో, నీళ్లు కారుతుండగానే కంప్యూటరుకు గుచ్చాడు. సన్నగా కాలిన వాసన వచ్చింది.

గద్వాలలో రిపేరు చేసేవాడు లోపల మాడిపోయిందన్నాడు. కంప్యూటరులోనైనా వెతకమని బతిమాలితే, వనపర్తి నుంచి వచ్చిన మెకానిక్ తల అడ్డంగా ఊపాడు.

“కట్ జేసిన జాగల పెండ్లి ఫోటోలు ఎక్కి కూసున్నయ్ అన్నా. ఇంగ రావు.”

నాగర్‌కర్నూలు దాకా వెళ్లి అదే మాట విని వచ్చాడు. ఇంట్లో సుగుణమ్మ ఒక్కసారే అన్నది: “ఊరోళ్ల మొఖాలన్ని దాస్తివి. నీ బిడ్డదే దాయకపోతివి.” ఆ తరువాత అతడు కెమెరా ముట్టుకోలేదు. స్టూడియో తలుపు మూతపడింది.

చలికాలంలో ఒక మధ్యాహ్నం నా ఇంటికి వచ్చాడు. గడ్డం మాసింది, మనిషి సగమయ్యాడు. తరగతి ఫోటో చూపమన్నాడు. అందులో మానస లేదని ఇద్దరికీ తెలుసు. అయినా తెచ్చి ఇచ్చాను. వరుసల వెంట వేలు పెట్టి ప్రతి పిల్ల ముఖాన్నీ చూశాడు. టీ చల్లారిపోయింది. ఫోటోను బోర్లించి ఒళ్లో పెట్టుకుని, ఏదో పెద్ద తప్పు చేసినవాడిలా తలెత్తకుండా అడిగాడు.

“మీరు దినాం ఎదురుంగ జూసినోళ్లు టీచరమ్మా. నాకు కండ్లు మూస్తే ఒకపారి ఇటు, ఒకపారి అటు కనపడ్తది. నా బిడ్డ పుట్టుమచ్చ కుడిదిక్కుండెనా, ఎడమదిక్కుండెనా? జర చెప్పుండ్రి.”