అద్దె తగ్గుతూ పోయిన గది

1967 జూన్‌లో నన్ను యూనివర్సిటీ లైబ్రరీలో జూనియర్ అసిస్టెంటుగా, పుస్తకాలిచ్చే కౌంటరు మీద వేశారు. కరువు భత్యంతో కలిపి జీతం నూటయాభై. నా భార్య, నాలుగు నెలల మా అమ్మాయి భువనగిరిలో మా అత్తగారింట్లో ఉన్నారు. దసరా నాటికి వాళ్ళను తెచ్చుకోవాలంటే ఒక వాటాకు అడ్వాన్సు, నాలుగు గిన్నెలు, ఒక కిరసనాయిలు స్టవ్వు కావాలి. పుట్టి నాలుగు నెలలైన పిల్లను నేను చూసింది మూడుసార్లే.

అద్దె జీతంలో ఐదో వంతు దాటకూడదని మా హెడ్ అసిస్టెంటు సూత్రం. అంటే ముప్ఫై. తార్నాకలో ఆ మాటంటే ఇళ్ళవాళ్ళు నవ్వేవారు. నలభైకి తక్కువ గది లేదు. వారం తిరిగాక బాలమణి గారి ఇంట్లో ముందు గది సరిగ్గా ముప్ఫైకే దొరికింది. ఆవిడ భర్త రైల్వేలో చేసి పోయాడు. యాభై ఏళ్ళ మనిషి, ఒక్కతే ఉండేది. గదిలో మంచం, బల్ల, కొయ్యకు ఒక గొడుగు, అన్నీ అప్పుడే తుడిచినట్టున్నాయి. నాకు పెళ్ళయిందనీ, దసరాకు వేరే ఇల్లు చూసుకుంటాననీ మొదటి రోజే చెప్పాను. ఆవిడ తల ఊపింది.

“గేటు కాడికి రాంగనే సైకిల్ బెల్లు రెండుసార్లు కొట్టు. నువ్వే అని తెలుస్తది,” అని మాత్రం అంది.

రెండో నెల ఒకటో తారీఖున నేనిచ్చిన ముప్ఫైలో ఐదు తిరిగిచ్చింది. “అమ్మా అంటవేంది? అక్కా అనరాదు?” అంది. అన్నాను. ఐదు రూపాయలకు ఒక పిలుపు నాకు భారమనిపించలేదు. కాకరకాయ నాకు సయించదు. “నీకిష్టమని చేసిన,” అని పెడితే మొహమాటానికి తిన్నాను. ఆగస్టుకల్లా ఆ కూర లేని రోజు వెలితిగా ఉండేది.

మూడో నెల అద్దె ఇరవై అయింది. ఈసారి ఒక చీటీ ఇచ్చింది. గుండ్రని దస్తూరీతో ఆరు పుస్తకాల పేర్లు, అన్నీ గడ్డిజాతుల మీద ఇంగ్లీషు పుస్తకాలు. “గివి తెచ్చుకొని చదువు. నువ్వు చదువుతుంటే ఇల్లు ఇల్లు లెక్క ఉంటది.” నాకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. సాయంత్రాలు ఊరికే పేజీలు తిప్పేవాణ్ణి. ఆవిడ గడపలో కూర్చుని ఆ చప్పుడు వినేది.

మా పద్ధతిలో ప్రతి పుస్తకం వెనక జేబులో ఒక కార్డు ఉండేది. పుస్తకం తీసుకున్నవారి టికెట్ నంబరు, తేదీ దాని మీద రాసి కార్డును కౌంటరులో ఉంచుకునేవాళ్ళం. నా నంబరు 1127. ఆరు కార్డుల మీదా నా నంబరుకు పైన ఉన్నది ఒకటే, 614. టికెట్ల రిజిస్టరు తీసి చూశాను. 614 యాదగిరి, వృక్షశాస్త్రంలో పరిశోధక విద్యార్థి. చిరునామా నేనుంటున్న ఇల్లే. పక్కన ఎర్ర సిరాతో ‘మరణించినందున రద్దు’ అని ఉంది.

సాయంత్రం ఆవిడనే అడిగాను. “నా తమ్ముడు. కామెర్లతో పోయిండని అంటరు,” అంది. పోయాడని తను అనలేదు, ‘అంటరు’ అంది. బుద్ధి ఉన్నవాడైతే మర్నాడే సామాను సర్దేవాడు. నేను బయటి నలభై మీద నెలకు మిగులుతున్న ఇరవై చూసుకుని ఉండిపోయాను.

సెప్టెంబరులో, వచ్చే నెల నా భార్యను, పిల్లను తెస్తున్నానని చెప్పాను. ఆవిడ చేతిలో పని ఆపి నా మొహంలోకి చూసింది.

“నీకు పెండ్లెప్పుడయింది?”

వేళాకోళం కాదు. నిజంగానే ఆశ్చర్యపోయింది. “ఇగ పది ఇయ్యి, చాలు,” అని లోపలికి వెళ్ళింది.

ఆ వారంలోనే కౌంటరు దగ్గర నేను తీసుకుంటున్న పుస్తకానికి కార్డు నింపాను. పక్కనున్న నా సహోద్యోగి దాన్ని అందుకుని, “గిది ఎవరి నంబరు భాయ్?” అన్నాడు. చూశాను. నా దస్తూరీయే. 614.

కార్డు మీద తప్పు రాస్తే బ్లేడుతో గీకకూడదు. ఒక్క గీత కొట్టి, కింద సరైనది రాసి, పక్కన మన పొడి అక్షరాలు వేయాలి. గీత కొట్టాను. 1127 రాశాను. నా పేరు పొడి అక్షరాలు గుర్తు తెచ్చుకోవడానికి మాత్రం కొంతసేపు పట్టింది. భయమంటే ఏమిటో నాకు అప్పుడు తెలిసింది.

ఆదివారం పొద్దున్నే ఖాళీ చేశాను. ఆవిడ అడ్డు చెప్పలేదు. ట్రంకు సైకిలుకు కడుతుంటే గేటు దాకా వచ్చి, “పొద్దుగూకక ముందే రా,” అంది.

వారాసిగూడలో యాభైకి ఒక వాటా తీసుకున్నాను, జీతంలో మూడో వంతు. హెడ్ అసిస్టెంటు చీవాట్లు పెట్టారు. దసరాకు ముందే నా భార్య, పిల్ల వచ్చారు. నెలాఖరు వారం టీలో చక్కెర ఉండేది కాదు. నా భార్య నన్ను పేరు పెట్టి పిలవదు గనుక, మొదటి కొన్నాళ్ళు గుమ్మంలోకి రాగానే నా పేరు నేనే ఒకసారి లోలోపల అనుకునేవాణ్ణి.

తరువాత ముప్ఫై ఏళ్ళు, కొత్తగా చేరినవాళ్ళు అద్దెకు ఎంత పెట్టాలని అడిగినప్పుడల్లా మూడో వంతైనా ఫరవాలేదనే చెప్పాను. చుట్టుపక్కల రేటు కన్నా తక్కువకు గది దొరికితే మాత్రం, ఆ తగ్గిన భాగం ఇంకే రూపంలో కట్టాలో అడిగి తెలుసుకున్నాకే చేరమన్నాను.