చేపల ఐసు మీద మంచు టైర్లు

అప్పట్లో మా ఇంట్లో ఎవరైనా మంచి కబురు మోసుకొస్తే ముందుగా దాన్ని మామ్మ ముందు పెట్టాలి. ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి, వాసన చూసి, పుచ్చు లేదని తేల్చాకే మిగతావాళ్ళం సంతోషపడేవాళ్ళం. ఇది ఊరికే వచ్చిన జబ్బు కాదు. మా బావను మలేషియా పంపిస్తానన్న బ్రోకరొకడు అతన్ని విమానాశ్రయంలో గడియారం కింద నిలబెట్టి, టికెట్లు తెస్తానని వెళ్ళి ఇంతవరకూ తిరిగి రాలేదు. (బావ సాయంత్రం దాకా అక్కడే నిలబడ్డాడు. ఇప్పటికీ ఎక్కడైనా గోడ గడియారం కనిపిస్తే కాస్త పక్కకు జరుగుతాడు.) ఆ రోజు నుంచి అనుమానాల శాఖంతా మామ్మదే. నలభై ఏళ్ళు అవతలి ఒడ్డున దలా రేవులో చేపలు కొని, నది దాటించి, రంగూన్ (మామ్మ మాటలో రంగం) లత పేటలో మా వీధి మొదట్లో అమ్మిన మనిషి ఆవిడ. మొప్ప ఎత్తి చూడకుండా చేపను గానీ, నాలుగు ప్రశ్నలు వెయ్యకుండా మనిషిని గానీ ఎన్నడూ నమ్మలేదు.

అలాంటి ఇంట్లో, ఇరవై రెండేళ్ళ నేను ఒక పొద్దున్న కాఫీ గ్లాసు పట్టుకుని, జపాన్ ఉత్తరాన మంచు కురిసే ఊళ్ళో ఒక గ్యారేజీకి మనుషులు కావాలట, ఊరి శివార్లలో లైంగ్‌థార్యార్‌లో మూడు నెలలు శిక్షణ ఇస్తారట, మంచు టైర్లు బిగించడం నేర్పుతారట అని ఒక్క ఊపిరిలో చెప్పేశాను. ఏటి టైర్లు అంది మామ్మ. చలికాలం రాకముందే అక్కడ ప్రతి బండికీ మామూలు చక్రాలు విప్పేసి, మెత్తటి రబ్బరు మీద నిండా సన్నటి గాట్లున్న వేరే టైర్ల చక్రాలు వెయ్యాలనీ, లేకపోతే బండి బ్రేకు వేసినా ఆగదనీ, ఏదో పుట్టినప్పటి నుంచీ మంచులో తిరిగినవాడిలా వివరించాను. మామ్మ అంతా విని గొడుగు వెతుక్కుంది.

“రంగంలో మంచేదిరా? మంచు నేని ఊర్లో మంచు టైర్లు నేర్పుతాడా ఆడు? నానూ వొత్తాను, పద.”

శిక్షణ కేంద్రమంటే రేకుల కప్పున్న పాత గోడౌను, అందులో ఒక ముసలి తెల్ల కారు, దాని పక్కన రెండు జతల చక్రాలు, ఒక సయా. (సయా అంటే మా ఊళ్ళో మాస్టారు. మేం ఆయన్ని చాటుగా మంచు సయా అనేవాళ్ళం.) మామ్మ మొదటి రోజే ఒక ప్లాస్టిక్ కుర్చీ సంపాదించి, బుగ్గలకు తనకా చెక్క గంధం, నుదుట బొట్టు, ఒళ్ళో టిఫిన్ క్యారియరు పెట్టుకుని ఓ మూల కూర్చుంది. అసలైన మంచు టైరుకు పక్కన ఒక గుర్తుంటుందని సయా చూపించాడు. మూడు శిఖరాల కొండ, దాని మధ్యలో మంచు రేకు. మామ్మ లేచి వచ్చి, కళ్ళద్దాలు సర్దుకుని చూసి, అది ఆరు రేకుల ముగ్గని ప్రకటించింది. వాకిట్లో వేసే ముగ్గు టైరు మీద ఎవరు వేశారు, ఎందుకు వేశారు, కొండ లోపల ఎందుకు దాచారు? ఇది కచ్చితంగా చిల్లంగి అని నా చెవిలో చెప్పి, మర్నాడు నాలుగు నిమ్మకాయలు తెచ్చి నాలుగు చక్రాల కిందా తొక్కించింది. కారు నడిపి తొక్కించింది సయానే. సొంత కారు అద్దానికి మల్లెదండా, ఆకుల కొమ్మా వేలాడదీసుకునే మనిషి ఏమంటాడు? కానీ ఆ నిమ్మ గింజలు టైరు గాట్లలో ఇరుక్కుపోతే పిన్నీసుతో తీసింది మాత్రం నేనే.

అసలు తమాషా మంచుది. మా సయా సిమెంటు నేల మీద తడి గోనెలు పరిచి, పొడి కొట్టిన ఐసు మోకాలి లోతున పోయించేవాడు. మామూలు టైర్లతో కారు దాని మీదికి వెళితే చక్రాలు గిరగిరా తిరిగేవి, కారు అక్కడే ఉండేది. అది కరిగేలోపు మేం నాలుగు చక్రాలూ మార్చాలి. ఒక్కో చక్రానికి ఐదు నట్లు, వరసగా కాదు, ఎదురెదురుగా బిగించాలి, బిగువు సరిపోయిందని రెంచి టిక్కుమనేదాకా. తర్వాత ఆవరణలో పది చుట్లు తిప్పి, ప్రతి నట్టునూ మళ్ళీ మొదటి నుంచి చూడాలి. బిగించింది నువ్వే అయినా నమ్మకు అనేవాడు సయా. (ఆ మాట విన్నప్పుడు మాత్రం మామ్మ తలూపేది.) బయట ఏప్రిల్ ఎండ, పైన రేకులు. నేను రెండో చక్రం దగ్గరుండగానే జపాన్ అంతా కాలవ కట్టి గుమ్మం దాటిపోయేది. అందుకే నాకు నట్టు మీద ఒక కన్నూ, ఐసు మీద ఒక కన్నూ వెయ్యడం అలవాటైంది.

మూడో వారంలో మామ్మ కుర్చీ దిగి, ఆ మంచు గుప్పెడు తీసి వాసన చూసింది. వేలికి అంటుకున్న చిన్న పొలుసును నా ముక్కు దగ్గర పెట్టి, సేపల ఐసు అంది.  పైకి కొట్టిపారేశాను గానీ, బావ గడియారం కింద నిలబడిన దృశ్యం కళ్ళ ముందు ఆడింది. ఆ ఐసు ఎక్కడిదో తేల్చడానికి ఆదివారం మామ్మ నన్ను వెంటబెట్టుకుని లాంచీ ఎక్కి దలాలో దిగింది. టీ దుకాణం వెనక నక్కి గంటసేపు కాపు కాశాం. (నక్కింది నేను. మామ్మ బెంచీ మీద కూర్చుని రెండు టీలు తాగింది.) లుంగీ ఎగ్గట్టి, చేపల రేవులో ఐసు బస్తాలు బేరమాడుతూ మా సయా కనిపించాడు. మామ్మ నేరుగా వెళ్ళి, బర్మీసులో, పరాయి వీధి చేపలమ్మిని నిలదీసినట్టు అడిగింది, నువ్వు ఎప్పుడైనా మంచు చూశావా అని. ఆయన బస్తా కింద పెట్టాడు. లేదన్నాడు. జపాన్ నుంచి వచ్చే పాత కార్ల గ్యారేజీలో పదేళ్ళు చేశాననీ, ఆ కార్లతో వచ్చిన మంచు టైర్లు విప్పి విప్పి పని నేర్చుకున్నాననీ, మిగతాదంతా వీడియోల్లో చూశాననీ చెప్పాడు.

ఇక కేంద్రం మూతపడినట్టే అనుకున్నాను. కానీ మామ్మ ఆ బస్తాలో చెయ్యి పెట్టి, ఐసు నలిపి చూసి, ఈ పొడి కొట్టిన ఐసు గంట కూడా ఆగదనీ, చివరి షెడ్డులో గట్టి దిమ్మలు దొరుకుతాయనీ, వాటిని ముతకగా కొట్టించి అడుగున ఊక పోయాలనీ ఆయనకు పాఠం చెప్పింది. తిరుగు లాంచీలో, వాడు దొంగా కాదా మామ్మా అని అడిగాను. ఇంకా సూడాల అని నది వైపు తిరిగింది. సోమవారం నుంచి సయా ఆవిడకు టీ తెప్పించడం, ఇద్దరూ మూల కూర్చుని గుసగుసలాడటం మొదలైంది. అప్పటిదాకా సయాను అనుమానించిన నేను మామ్మను అనుమానించడం మొదలుపెట్టాను.

పరీక్ష రోజు జపాన్ నుంచి గ్యారేజీ యజమాని వచ్చాడు. మెడలో తువ్వాలు వేసుకున్న పెద్దాయన, మాట్లాడడు, చూస్తాడు. నేను నెగ్గితే నెలలో విమానం ఎక్కుతాను, లేకపోతే మళ్ళీ, మలేషియా పోలేక టాక్సీ నడుపుకుంటున్న బావ పక్క సీటే. నాలుగు చక్రాలూ మార్చాను. పది చుట్లూ తిప్పాను. రెంచి పట్టుకుని నట్లన్నీ మళ్ళీ చూసుకుంటూ వచ్చి, అయిపోయిందని నిలబడ్డాను. పెద్దాయన కాగితం మీద కలం పెట్టబోతుండగా మూల నుంచి గొడుగు లేచింది.

“ఆ ఎనక సెక్రం, మూడో నట్టు. నాను నమ్మను.”

అదే మాట బర్మీసులో మళ్ళీ అంది మామ్మ. పెద్దాయన సయా వైపు చూశాడు. సయా నేల చూపులు చూస్తూ జపనీసులోకి తర్జుమా చేశాడు. పెద్దాయన మోకాళ్ళ మీద కూర్చుని, మూడో నట్టుకు రెంచి తగిలించాడు. నట్టు ఇంకో అరచుట్టు తిరిగాక గానీ రెంచి టిక్కుమనలేదు. ఆ టిక్కు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. ఆయన లేచి, నా పేరు మీద గీత కొట్టేసి, మామ్మ దగ్గరకు వెళ్ళి నడుం వంచి నమస్కారం చేశాడు. ఆ పెద్దావిడకు పాస్‌పోర్టు ఉందా అని అడిగాడట, సయా తర్వాత చెప్పాడు. నాకు నవ్వు రాలేదు, ఏడుపొచ్చింది.

నాలుగు వారాలు మామ్మతో మాట్లాడలేదు. నా దగ్గర సాక్ష్యాలున్నాయి మరి. రెండు కళ్ళకూ శుక్లాలు, బస్సు నంబరు నన్నడిగి ఎక్కే మనిషికి అంత దూరం నుంచి నట్టు ఎలా కనిపించింది? పరీక్ష ముందు రోజు సాయంత్రం, అక్కడ ఎన్నేళ్ళుండాలిరా అని రెండుసార్లు ఎందుకు అడిగింది? నన్ను పంపడం ఇష్టంలేక మామ్మా, సయా కలిసి ఆడిన నాటకమని తేల్చేసుకున్నాను. ఇంట్లో కూర్చోలేక, సయా రమ్మంటే వెళ్ళి ఆయన పక్కనే పనికి కుదిరాను. రెండేళ్ళకు ఆ గ్యారేజీ నుంచి సయాకే పిలుపొచ్చింది. మోకాలి లోతు మంచులో నిలబడి ఫొటో పంపాడు. మామ్మ ఫోను దగ్గరగా పెట్టుకుని సబ్బు నురగంది. తర్వాత వీడియో పంపాడు. గుప్పెడు మంచు పట్టుకుని, చంటిపిల్లాడిలా నవ్వుతున్నాడు. మామ్మ దాన్ని మూడుసార్లు చూసి, కరగట్నేదేటి అని మెల్లిగా అంది.

ఆవిడ పోవడానికి ఏడాది ముందు ధైర్యం చేసి అడిగేశాను, ఆ రోజు కావాలనే చేశావా మామ్మా అని. ఆవిడ నోట్లో పాన్ బుగ్గన సర్దుకుంది.

“నాకు నట్టు ఏడ కనబడతాదిరా? నాను నిన్ను సూత్తన్నాను. మూడో నట్టు కాడ నువ్వు ఐసు ఏపు సూసినావు.”

అప్పుడు గుర్తొచ్చింది. ఆ రోజు ఐసు మామ్మ చెప్పిన చివరి షెడ్డుది, అడుగున ఊకతో పోయించింది. పరీక్ష అయ్యాక కూడా అది మోకాలి లోతున అలాగే ఉంది. నాకు తీరిగ్గా చేసుకోవడానికి కావలసినంత వ్యవధి ఆవిడే సంపాదించి పెట్టింది. నేనే నమ్మలేదు.

ఇప్పుడా గోడౌనులో సయాను నేనే. నా చేతి కింద పని నేర్చుకున్నవాళ్ళు మంచు ఊళ్ళలో ఉన్నారు, నేను మాత్రం దలా రేవు దాటలేదు. పోయిన వారం కొత్తగా చేరిన అబ్బాయితో వాళ్ళమ్మ వచ్చి మూల కుర్చీలో కూర్చుంది. మధ్యాహ్నం దాకా నన్ను ఎగాదిగా చూసి, సయా, మీరెప్పుడైనా మంచు చూశారా అని అడిగేసింది. లేదమ్మా అన్నాను. ఆవిడ మొహం ముడుచుకుని, కుర్చీని మరో నాలుగడుగులు ముందుకు జరుపుకుంది. నాకు లోపల్లోపల నవ్వొచ్చింది. అక్కడి నుంచి వాళ్ళబ్బాయి మొహం బాగా కనిపిస్తుంది.