తునిదాకా వెళ్ళిన వైరు

మొన్న మా ఇంటికి కొత్త టీవీ బిగించడానికి వచ్చినతను గోడకు నాలుగు మేకులు దిగ్గొట్టడానికి గంటసేపు తీసుకున్నాడు గానీ, దానికి ఇంటర్నెట్ కలపడానికి అర నిమిషం కూడా తీసుకోలేదు. రిమోటుతో నాలుగు అక్షరాలు నొక్కి, "వచ్చేసిందండి" అన్నాడు. "అంతేనా?" అన్నాను. "అంతేనండి. ఇంకేం ఉంటుందండి?" అంటూ నన్నొకసారి జాలిగా చూసి సామాను సర్దుకున్నాడు. అతనికి చెప్పలేదు గానీ, ఒకప్పుడు మా ధవళేశ్వరం ఇంట్లో ఒక వీడియో గేముల పెట్టెకు నెట్ కలపడానికి ఇంటిల్లిపాదీ తొమ్మిది రోజులు అవస్థ పడ్డాం. పది మందికి చెబితే నవ్వుతారు. మేమూ నవ్వాం, కాకపోతే చివర్లో.

అప్పటికి ఊళ్ళోకి బ్రాడ్‌బ్యాండ్ వచ్చి రెండేళ్ళో మూడేళ్ళో అయింది. నేను రాజమండ్రిలో ఒక జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పేదాన్ని. రోజూ బస్సులో వెళ్ళి వచ్చేదాన్ని. నాన్నగారు ఇరిగేషన్ శాఖలో ముప్పై ఏళ్ళపైన పనిచేసి, కాలవ లాకుల దగ్గర రిటైరయ్యారు. తమ్ముడు ఆ వేసవిలోనే ఇంజనీరింగ్ పూర్తిచేశాడు. హాస్టల్లో వాడి గదిలో ఉన్న స్నేహితుడిది తుని. నాలుగేళ్ళూ ఇద్దరూ ఒకే సబ్బు వాడుకున్నారని అమ్మ విసుక్కునేది. పరీక్షలయ్యాక ఆ ఇద్దరూ మోటారు సైకిలు మీద పాలకొల్లులో ఎవరిదో పెళ్ళికి వెళ్ళి తిరిగి వస్తుంటే, రావులపాలెం వంతెన దాటాక రోడ్డు మీద ఒలికిన ఇసకలో బండి జారింది. నడుపుతున్నది తుని స్నేహితుడు. అతనికి మోచేతులు గీరుకుపోయాయి, అంతే. మా వాడికి తొడ ఎముక రెండుచోట్ల విరిగింది. రెండు ఆపరేషన్లు, లోపల ఒక కడ్డీ, ఏడు నెలలు మంచం.

ఆస్పత్రిలో జరిగిన ఒక సంగతి ఇక్కడ చెప్పాలి. మర్నాడు అతను మోచేతులకు కట్లతో, ఒక సంచిలో బత్తాయిలు పట్టుకుని వచ్చాడు. తమ్ముడు మత్తులో ఉన్నాడు. వరండాలో కూర్చున్న అమ్మ తలెత్తి చూసి, "నీకేం కాలేదుగా బాబూ. అదృష్టవంతుడివి" అంది. మాటలుగా చూస్తే అందులో తప్పు పట్టడానికేమీ లేదు. అన్న తీరు మాత్రం నేను విన్నాను. అతనూ విన్నాడు. సంచి బెంచీ మీద పెట్టి, నాకు ఒక నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు. తమ్ముడు ఇంటికొచ్చాక కొన్నాళ్ళు "వాడు రాలేదేంటక్కా?" అని అడిగేవాడు. పనులుంటాయిలే అని తప్పించుకునేదాన్ని. అమ్మ మాట బయటపెట్టడం నాకిష్టం లేకపోయింది. తర్వాత వాడు అడగడం మానేశాడు. ఆ తర్వాత మాట్లాడడమే మానేశాడు. కాఫీ ఇస్తే తాగేవాడు, మందిస్తే మింగేవాడు. మిగతా సమయమంతా పైకప్పు కేసి చూస్తూ పడుకునేవాడు. ఇల్లంతా గొంతు తగ్గించుకుని బతకడం అలవాటు చేసుకున్నాం.

అలాంటి రోజుల్లో తుని నుంచి కొరియర్లో ఒక పెద్ద అట్టపెట్టె వచ్చింది. ఆ ఊళ్ళో అతని మావయ్యకు ఎలక్ట్రానిక్స్ షాపుంది, అతను అందులోనే కూర్చుంటున్నాడని తర్వాత తెలిసింది. పెట్టెలో నల్లగా మెరిసే గేముల మెషీను, రెండు రిమోట్లు, చెవులకు పెట్టుకుని మాట్లాడే హెడ్‌సెట్టు ఉన్నాయి. "నా దగ్గరా ఇదే ఉంది. నెట్ కలిపితే కలిసి ఆడుకోవచ్చు" అని ఒక చీటీ. తమ్ముడు చీటీ చదివి మడిచి దిండు కింద పెట్టాడు. మెషీను మంచం కిందకి పోయింది. పదిహేను రోజులు అక్కడే ఉంది. అమ్మ దాని చుట్టూ ఊడ్చేది తప్ప ముట్టుకోలేదు.

ఒక శనివారం నేను కాలేజీ నుంచి వచ్చి చెప్పులు విడుస్తుంటే వాడి గదిలోంచి పిలుపు వినిపించింది. "అక్కా, మన మోడెం నుంచి నా గదిలోకి వైరు లాగొచ్చా?" ఎన్నో వారాలకు వాడు ఒకటి కావాలని అడిగాడు. నేను జవాబు చెప్పేలోపే నాన్నగారు టేపు పట్టుకుని లేచారు. మోడెం వీధి గదిలో, ఫోను పక్కన ఉండేది. వాడి గది పెరటి వైపు. నాన్నగారు కాలవ గట్టు కొలిచినట్టు గోడల వెంబడి కొలుచుకుంటూ పోయి, "పందొమ్మిదిన్నర మీటర్లమ్మా. ఇరవై అయిదు తీసుకురా. కాలవైనా వైరైనా వంపులు తిరక్కుండా పోదు" అన్నారు. సోమవారం రాజమండ్రిలో కొని తెచ్చాను. వెంటిలేటర్లోంచి దూర్చి, వరండా మీదుగా ఆయనే లాగారు. హాల్లో టీవీ కూడా తనే మోసుకెళ్ళి వాడి గదిలో పెట్టారు. వార్తలు చూడకుండా ఉండలేని మనిషి, "రేడియో ఉందిగా" అన్నారు. మర్నాడు వరండాలో అమ్మ ఆ వైరు మీద తువ్వాలు ఆరేస్తే, ఇంట్లో మొదటి గొడవ అయింది. ఎంతో కాలానికి గొంతులు పెరిగాయి. నాకు అదీ బాగుందనిపించింది.

నెట్ వచ్చింది. తెర మీద తుని స్నేహితుడి పేరు ఆకుపచ్చ చుక్కతో కనిపించింది. కానీ కార్ల పందెంలో అతనితో చేరబోయిన ప్రతిసారీ మెషీను "కుదరలేదు" అని బయటికి తోసేసేది. నాలుగు రోజులు ప్రయత్నించాక తమ్ముడు రిమోటు పక్కన పడేసి, "వాడికిష్టం లేదేమోలే" అని గోడవైపు తిరిగాడు. నాకు భయం వేసింది. అంతవరకూ నడిపించుకొచ్చిన పిల్లాడు మళ్ళీ వెనక్కి జారిపోతున్నట్టనిపించింది. ఆ సాయంత్రమే తుని షాపుకి ఫోను చేశాను.

అతనే ఎత్తాడు. నా పేరు చెప్పగానే, "అక్కా, వాడెలా ఉన్నాడు?" అన్నాడు. ఉన్నదున్నట్టు చెప్పాను. వెంటనే పనిలోకి దిగినట్టు గొంతు మార్చుకుని, "తప్పు మీ మోడెందక్కా. బయటినుంచి వచ్చేవాళ్ళని అది లోపలికి రానివ్వట్లేదు. దాన్లో కొన్ని నంబర్ల దారులు తెరవాలి, రాసుకోండి" అని చెప్పాడు. ఫోను పెట్టే ముందు మాత్రం, "నేను రానా అని అడగడానికి ధైర్యం చాల్లేదక్కా. ఆంటీ అన్నదాంట్లో తప్పేం లేదు. బండి నడిపింది నేనే కదా" అన్నాడు.

ఆ నంబర్ల సంగతి చెబితే నాన్నగారు ఇట్టే పట్టుకున్నారు. "అంటే మన నీళ్ళు బయటికి పోతున్నాయి, వాళ్ళవి రావడానికి తూము తెరవలేదన్నమాట. తెరిచెయ్యి మరి." తెరవడం అంత తేలిక కాలేదు. మొదటిసారి కంప్యూటర్లో నంబర్లన్నీ కొట్టి, సేవ్ నొక్కబోయే క్షణాన కరెంటు పోయింది. రెండోసారి అన్నీ కుదిరాయి గానీ, మోడెం పావుగంటకోసారి చచ్చిపోయేది. వెళ్ళి చూస్తే దానికి దుమ్ము పడకుండా అమ్మ దళసరి గుడ్డతో గలీబు కుట్టి తొడిగింది. లోపల అది పెనంలా కాలిపోతోంది.

గలీబు తీసి వంటింట్లోకి పట్టుకెళ్ళాను. అమ్మ ములక్కాడలు తరుగుతోంది. ఇంక దాచడం నా వల్ల కాలేదు. తుని నుంచి విన్నదంతా చెప్పాను. అమ్మ కత్తిపీట ముందు అలాగే కూర్చుండిపోయింది. తర్వాత తమ్ముడి దగ్గరికి వెళ్ళి, ఆస్పత్రి వరండాలో జరిగింది, నేను ఇన్నాళ్ళూ దాచింది, రెండూ చెప్పాను. వాడు దిండు కింద నుంచి చీటీ తీసి ఇంకోసారి చదువుకున్నాడు. "ముందే చెప్పొచ్చుగా అక్కా" అన్నాడు. కోప్పడి ఉంటే తట్టుకునేదాన్నే.

మర్నాడు ఆదివారం. అన్నాలయ్యాక నలుగురం వాడి గదిలో చేరాం. తెర మీద ఎనిమిది కార్లు వరసగా నిలబడ్డాయి. ఈసారి మెషీను తోసెయ్యలేదు. తమ్ముడు హెడ్‌సెట్టు పెట్టుకున్నాడు. అవతలి మాట మాకు వినిపించలేదు గానీ, వాడి మొహం చూస్తే తెలిసింది. "వినపడుతోంది రా" అన్నాడు. అంకెలు లెక్కపెట్టడం అయిపోయింది, ఆరు కార్లు దుమ్ము రేపుకుంటూ వెళ్ళిపోయాయి. రెండు మాత్రం గీత దగ్గరే నిలబడిపోయాయి. ఎంతసేపో. చివరికి మా వాడు గొంతు సవరించుకుని, "ఒరేయ్, ఈసారి ఎవడి బండి వాడే నడుపుకుందాం" అన్నాడు. అవతల ఏమన్నాడో ఏమో, మా వాడు నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు. నాన్నగారు వైరు చూసొస్తానని వరండాలోకి వెళ్ళిపోయారు.

అప్పుడు అమ్మ మంచం దగ్గరికొచ్చి చెయ్యి చాపింది. హెడ్‌సెట్టు తలకిందులుగా పెట్టుకుని, తుని దాకా వినపడాలన్నట్టు గట్టిగా, "బాబూ, నేను ఆంటీని. అన్నం తిన్నావా?" అంది. "అమ్మా, ఆడేవాళ్ళందరికీ వినపడుతుంది" అన్నాడు తమ్ముడు. "వినపడనీ" అంది అమ్మ. "ఆ రోజు నేనలా అనాల్సింది కాదు బాబూ. మనసులో పెట్టుకోకు. వచ్చే ఆదివారం ఇంటికి రా, పనసపొట్టు కూర చేస్తాను." పందెంలో ఉన్న ఎవరో ఊరూ పేరూ తెలియని మనిషి హిందీలో ఏదో అన్నాడట. అమ్మ విన్నది విన్నట్టు చెబితే, ఆంటీ, నన్ను కూడా పిలవండి అని దాని అర్థమని తమ్ముడు చెప్పాడు.

అతను రైల్లో వచ్చాడు. మళ్ళీ బత్తాయిలు తెచ్చాడు. మా వాడు ఇంకో నెలకి కర్రతో, పై నెలకి కర్ర లేకుండా నడిచాడు. ఏడు నెలలపాటు రోజు రోజునీ లెక్కపెట్టుకుంటూ బతికిన మా ఇంట్లో, ఆ తర్వాతి సంవత్సరాలు ఎంత మామూలుగా గడిచిపోయాయంటే, వాటిలో ఒక్క రోజు కూడా నాకిప్పుడు విడిగా గుర్తులేదు.