వంటింటి పునాదిలో అమ్మవారు

వృక్షశాస్త్రం పాఠాలు చెప్పి బతికేవాణ్ణి. నా పెరట్లో మొలిచింది మామూలు చెట్టేనని ఊళ్లో ఒక్కరినీ నమ్మించలేకపోయాను. ఆ ఉక్రోషం నాకింకా తగ్గలేదు.

శృంగవరపుకోట దగ్గర మా ఇంటికి వంటగది కట్టాలని పెరట్లో పునాదులు తవ్వించాం. ఇంతలో మూఢం వచ్చింది. ఆ తర్వాత వానలు, ఆ తర్వాత నా బద్ధకం. మా ఆవిడ రేకుల కిందే వండుతూ వచ్చింది. తవ్విపోసిన మట్టిలో ఎవరూ నాటని మొక్క ఒకటి లేచి, రెండేళ్లలో చూరు దాటింది.

చివరికి మేస్త్రీ దొరికాడు. చెట్టు కొట్టడానికి మా బావమరిది కత్తి పట్టుకుని దిగాడు. ఒక్క వేటు వేసి, కత్తి పారేసి వెనక్కి దూకాడు.

"బావా! రత్తం కారతన్నాది!"

పక్కింటి పెద్దావిడ గోడ మీంచి చూసి, "అమ్మోరు తల్లి! ఎవులూ ముట్టుకోకండి," అంది. సాయంత్రానికల్లా మానుకి పసుపు, కుంకుమ, ఎర్ర రవికగుడ్డ. మేస్త్రీ దణ్ణం పెట్టి, తాపీ తీసుకుని వెళ్లిపోయాడు.

నేను ఆకు తెంపి అందరికీ చూపించాను. "కాడ చూడండి, అంచుకి కాకుండా ఆకు లోపలికి అతుక్కుంది, తామరాకులాగా. దీన్ని కొండతామర అంటారు. ఆముదం కుటుంబం. నేల ఖాళీగా కనిపిస్తే ముందు మొలిచేది ఇదే. ఎర్రగా కారేది దీని జిగురు."

"ఆముదం సెట్టుకి రత్తం వస్తాదేటి మాస్టారూ?" అంది పెద్దావిడ. నేను ఫోనుకి ఫొటో చూపించి అడిగితే, ఫోను టేకు చెట్టంది. నా పరువు పూర్తిగా పోయింది. పేరు మాత్రం వాళ్లకి నచ్చినట్టుంది, మర్నాటి నుంచి ఆ చెట్టు కొండతామరమ్మ. పక్క ఊళ్ల నుంచి కూడా మొక్కుబడి కోళ్లు వచ్చేవి. వాటిని వండేది మా ఆవిడే, ఆ రేకుల కిందే, కట్టెల పొయ్యి మీద.

ఒక మంగళవారం వాన జల్లుకి పొయ్యి ఆరిపోయింది. ఊదీ ఊదీ మా ఆవిడ ఒక్కసారిగా లేచి, జుట్టు విరబోసుకుని, చెట్టు ముందు ఊగిపోసాగింది. పెద్దావిడ వేపమండ అందించి, "ఏటి కావాల తల్లీ?" అని అడిగింది.

"నన్ను కొండకి అంపేయండి! ఈ ఇంటి ఆడకూతురు వానకి తడుస్తన్నాది, పొగకి ఏడుస్తన్నాది. దానికి ముందు వంటిల్లు కట్టండి! ఈ మాస్టారికి ఆకులే కనపడతాయేటి? పెళ్లాం కనపడదేటి?"

అందరూ సాష్టాంగపడ్డారు. ఒక కొమ్మని మేళంతో తీసుకెళ్లి కొండ మొదట్లో పాతారు. మిగతా చెట్టుని మా బావమరిదే, ఏ భయమూ లేకుండా నరికాడు.

వంటగది బాగా కుదిరింది. ఆ రోజు సంగతి నేనూ మా ఆవిడా ఎప్పుడూ ఎత్తలేదు. ఆ కోపం అమ్మవారిదే అయ్యుండాలని మాత్రం నేను ఇప్పటికీ దణ్ణం పెట్టుకుంటాను.