వదిన నడిపిన బండి

పెళ్లై బాన్సువాడ వచ్చిన ఏడాదిలోపే నాకు అర్థమైంది, మా ఆయనకు నాకంటే ముందు రెండు ఇష్టాలున్నాయని. ఒకటి ఆయన మోటర్‌సైకిల్, రెండోది వాళ్లక్క, అంటే మా వదిన. మోటర్‌సైకిల్ సంగతి ముందే తెలుసు. పెళ్లిచూపులకు దాని మీదే వచ్చాడు. అక్క సంగతి మాత్రం హైదరాబాదులో పందేలు చూడడానికి పోయినప్పుడు తెలిసింది.

ఎనభైల మొదట్లో మాట ఇది. సికింద్రాబాదు దిక్కు ఒక మైదానంలో మోటర్‌సైకిళ్ల పందెం పెడుతున్నారని ఎవరో చెప్పారట. చెరుకు కొట్టించే రోజులు. ఇంట్లో బోలెడు పని. అయినా శనివారం పొద్దున ప్రయాణం కట్టాడు. మేమిద్దరం మోటర్‌సైకిల్ మీద, బోధన్ నుంచి వచ్చిన వదిన, ఆమె భర్త స్కూటర్ మీద. నాకు చాలా సంతోషంగా ఉండింది. పెళ్లైనంక ఆయనతో అంత దూరం పోవడం అదే మొదటిసారి. చలికి ఆయన వీపు వెనక ముడుచుకుని కూర్చుని, హైదరాబాదు దాకా ఇలాగే పోతామనుకున్నాను.

నిజాంసాగర్ దాటాక రోడ్డు ఖాళీగా కనిపించేసరికి ఆయన బండి ఆపాడు.

"నువ్వు జర బావ స్కూటర్ మీద కూసో. కొంచెం దూరం అక్క నడుపుతది," అన్నాడు.

నేను నవ్వులాటకు అన్నాడనుకున్నాను. వదిన అప్పటికే స్కూటర్ దిగి కొంగు నడుముకు బిగిస్తోంది. కుచ్చిళ్లు కొంచెం పైకి దోపి, ఒక్క తన్నుకు బండి స్టార్ట్ చేసింది. మా ఆయన ఆమె వెనక ఎక్కి కూర్చున్నాడు. నన్ను చూసి చెయ్యి కూడా ఊపలేదు. బండి దూసుకుపోయింది.

వదిన భర్తను నేను అన్న అని పిలుస్తాను. స్కూటర్ మీద అన్న వెనక కూర్చుని, వాళ్లను చూస్తూ పోయాను. ముందు వదిన జడ, ఆ వెనక మా ఆయన భుజాలు. ఏదో చెప్పి పగలబడి నవ్వుతున్నాడు. ఆ నవ్వు ఇంట్లో నేనెప్పుడూ వినలేదు. 

"వదినకు బండొస్తదని నాకెవ్వరు చెప్పలే," అన్నాను.

"చెప్తే మీ అత్త ఊకుంటదా?" అన్నాడు అన్న. "చిన్నప్పటి సంది వాళ్లిద్దరు గింతే చెల్లె. నేనైతే ఫికర్ పెట్టుకునుడు మానేసిన."

ఎల్లారెడ్డి కనిపించేముందు వదిన బండి ఆపి దిగింది. మళ్లీ నా చోటు నాకొచ్చింది. కానీ పొద్దున ఉన్న సంబరం రాలేదు. మెదక్ దాకా ఆయన వీపుకు ఆనకుండా, సీటు వెనక కడ్డీ పట్టుకుని కూర్చున్నాను. ఆయన అది గమనించను కూడా లేదు.

రాత్రి చుట్టాలింట్లో పడుకుని ఆదివారం మైదానానికి పోయాం. జనం జాతరకు వచ్చినట్టు వచ్చారు. మట్టి దిబ్బలు పోసి, మలుపుల దగ్గర ఇసుక బస్తాలు పేర్చి, చుట్టూ తాళ్లు కట్టారు. ఆముదం మాడుతున్న వాసన వచ్చింది. పందెం బండ్లలో అలాంటి నూనె పోస్తారని మా ఆయన చెప్పాడు, నాకు కాదు, వదినకు. వాళ్లిద్దరూ తాడును ఆనుకుని నిలబడ్డారు. ఎవడు మలుపులో ముందుగా గేరు తగ్గించాడు, ఎవడు దిబ్బ మీద బండిని ఎక్కువ ఎగరేశాడు, అన్నీ వాళ్లకే తెలుస్తున్నాయి. "అయ్యో, బ్రేక్ కొట్టిండు!" అని ఆమె, "జూడు, జూడు, లోపలికెళ్లి పోతుండు!" అని ఈయన.

"ఏంది, ఏమైంది?" అని నేను అడిగితే, "నీకు తెల్వదులే, ఊకె చూడు," అన్నాడు.

అన్న మాత్రం మొహం మీద రుమాలు కప్పుకుని, నేల మీద కూర్చునే నిద్రపోతున్నాడు.

ఇక నాకూ పట్టుదల వచ్చింది. నా కోసం ఒకణ్ని ఎంచుకున్నాను. పసుపు చొక్కా వేసుకుని, అందరికంటే వెనక వస్తున్నవాణ్ని. వాడు ఎదురుగా వచ్చినప్పుడల్లా గొంతు చించుకుని అరిచాను. పక్కన ఉన్నవాళ్లు నావైపు వింతగా చూశారు. మా ఆయన చూడలేదు. తరువాతి చుట్టులో సరిగ్గా మా ముందే ఆ పసుపు చొక్కా దిబ్బ మీంచి తప్పి పడ్డాడు. బండి వాడి కాలి మీద పడింది. మెల్లగా లేచి, బండి లేపి, కిక్కు మీద కిక్కు కొట్టాడు. స్టార్ట్ కాలేదు. మిగిలిన బండ్లన్నీ దుమ్ము లేపుతూ దాటిపోయాయి. పందెం అయిపోయి గళ్ల జెండా ఊపేశారు కూడా. అయినా వాడు కుంటుకుంటూ బండిని తోసుకుంటూనే పోయాడు. గీత దాటేసరికి జనమంతా చప్పట్లు కొట్టారు.

నాకు ఏడుపు ఆగలేదు. అప్పుడు చూశాడు మా ఆయన నన్ను.

"ఏమైంది? ఎందుకేడుస్తున్నవ్?"

"నాకెందుకు నేర్పలే బండి?" అన్నాను.

"నువ్వు అడగలే గదా," అన్నాడు.

"వదిన అడిగిందా?"

వదిన మైదానం వైపు నుంచి మొహం తిప్పకుండానే జవాబు చెప్పింది. "నేను అడగలే పిల్లా. వీడు పండుకున్నప్పుడు తాళంచెవి ఎత్కపోయిన. పోయి కాలువల పడ్డ, పన్ను ఇరిగింది. మళ్ల ఎత్కపోయిన. సస్తదేమో అని భయపడి అప్పుడు నేర్పిండు."

తాడు మీద చేతులు ఆనించి మళ్లీ అంది. "గిప్పుడు ఎప్పుడన్న ఒకపాలి దొరుకుతది నాకు. నీకేంది, రోజు ఇంటి ముందట్నే ఉంటది."

ఆమె నన్ను చూసి అసూయ పడుతుందని నేను కలలో కూడా అనుకోలేదు. విన్నాక జాలి కలగాలి కదా, కలగలేదు. మనసు కొంచెం తేలికైంది, అంతే.

ఇంటికొచ్చిన రెండు మూడు రోజులకు ఆయన చెరుకు బండ్లతో పోయినప్పుడు, చిలుక్కొయ్యకున్న తాళంచెవి తీశాను. బండి స్టార్ట్ చేసేసరికే చెమటలు పట్టాయి. గేరు వేసి క్లచ్ ఒక్కసారి వదిలేశాను. బండి ఎగిరి పోయి గడ్డివామిలో దూరింది. సైలెన్సర్ తగిలి నా పిక్క కాలింది. మా అత్త కేకలకు వాడకట్టంతా వచ్చింది. కబురు పోయి ఆయన ఉరికి వచ్చాడు. ముందు బండి హ్యాండిల్ తిప్పి చూసి, ఆ తరువాత నా కాలు చూశాడు. అది నేను మర్చిపోలేదు.

కానీ మర్నాటి నుంచి నేర్పాడు. చెరుకు కొట్టేసిన మడిలో, మా అత్త గొణుగుతుండగానే, వెనక పట్టుకుని పరుగెత్తుతూ నేర్పాడు. వానలు పడేనాటికి నేను ఒక్కదాన్నే బీర్కూర్ దాకా పోయి వచ్చేదాన్ని. బస్సులోంచి జనం తలలు బయటపెట్టి చూసేవాళ్లు.

అయినా వదిన వస్తుందని కబురు అందితే చాలు, ఆయన పొద్దున్నే బండిని నీళ్లు పోసి కడిగి, మెరిసేదాకా తుడిచేవాడు. నేను బీర్కూర్ పోయే రోజు దాని సీటు మీద దుమ్ము నా కొంగుతో నేనే దులుపుకునేదాన్ని.