కెరటిన్ పరీక్ష, డైరెక్టర్ గారి గుండు

2017 జూన్ 12, సోమవారం. శామీర్‌పేట దగ్గర యాంటీబాడీలు తయారుచేసే సంస్థ, పరీక్షల గది. హాజరైనవారు: డైరెక్టర్ భూపాల్ రెడ్డి గారు, టెక్నీషియన్ స్వప్న, నాణ్యతా విభాగం అధిపతిగా నేను.

కెరటిన్ మన చర్మం, గోళ్లు, వెంట్రుకల్లో ఉండే ప్రోటీన్. ఇంటికి వాసాల్లా కణాన్ని నిలబెడుతుంది. దాన్ని పట్టిచ్చే యాంటీబాడీని మేము కుందేళ్ల నుంచి తయారుచేసేవాళ్లం. బ్యాచ్ బయటికి వెళ్లే ముందు ఒక పరీక్ష తప్పనిసరి. జెల్ పలకలో ఒక గడిలో చర్మకణాల సారం, పక్క గడిలో ఉత్త బఫర్, అంటే ప్రోటీన్ లేని ద్రావణం పోస్తాం. తర్వాత వాటిని పొర మీదికి ఎక్కించి రాత్రంతా యాంటీబాడీలో నానబెడతాం. సారం ఉన్నచోట నల్లగీత రావాలి. బఫర్ గడి ఖాళీగా ఉండాలి.

ఆ బ్యాచ్‌కి అప్పటికే రెండుసార్లు ఖాళీ గడిలోనూ గీత వచ్చింది. స్వప్న గౌడవెల్లి నుంచి స్కూటీ మీద వచ్చే అమ్మాయి. ఆ వారంతో ఆమె ప్రొబేషన్ ముగుస్తుంది.

"రేపు గూడ గీత కనవడ్డదనుకో, నీ పర్మనెంట్ ముచ్చట ఇగ మర్చిపో బిడ్డా" అన్నారు డైరెక్టర్ గారు.

"గ్లౌజులు ఏస్కున్న, టోపీ పెట్టుకున్న, బఫర్ కొత్తగ జేసిన. ఇంకేం జేయాలె సార్?"

"నాకెర్క లేదు. గీ బ్యాచ్ కోసం గుట్ట మీది దేవునికి గుండు గూడ ఇచ్చొచ్చిన."

అది నిజమే. పని అయ్యాక మొక్కు చెల్లించడం లోకాచారం. ఆయన అడ్వాన్సుగా చెల్లించారు. అప్పటి నుంచి పరీక్షల గదిలో టోపీ పెట్టుకోవడం మానేశారు. నేను నియమం గుర్తుచేస్తే, "రాలనీకి ఎంటికెలేవి పెద్దసారూ?" అన్నారు. మా నియమావళిలో దానికి జవాబు లేదు.

ఆ రోజూ గుండు మాట అంటూనే ఆయన స్వప్న చేతిలోని మూత తీసిన బఫర్ గొట్టం మీదికి వంగి, అప్పుడప్పుడే వెంట్రుకలు మొలుస్తున్న తలను బరబరా గోక్కున్నారు. తెల్లటి పొట్టు రాలింది. స్వప్న నా వైపు చూసింది. గుండుతో వెంట్రుకలు పోతాయి గాని చర్మం పోదు.

డైరెక్టర్‌కు ఆ మాట మొహం మీద చెప్పడం కష్టం. పరీక్షతోనే చెప్పించాలనుకున్నాను. అదనంగా ఒక నమూనా కావాలని, శుభ్రమైన గొట్టంలోకి తల గోకి ఇమ్మని అడిగాను.

"నా తలకాయతోటి ఏం పని?"

"దేవుడికి ఇచ్చిన తల సార్. కలిసొస్తుంది."

ఉత్సాహంగా గోకి ఇచ్చారు. వెంటనే ఆయనను చాయ్‌కి తీసుకుపోయాను. స్వప్న తలుపు వేసుకుని, కొత్త బఫర్ కలిపి, ఈసారి ఆయన పొట్టుకూ ఒక గడి కేటాయించి, గడులు నింపింది.

మరునాడు ఉదయం ముగ్గురం చూశాం. ఖాళీ గడి తెల్లగా ఉంది. చర్మకణాల గడిలో చక్కటి గీత. డైరెక్టర్ గారి గడిలో బొగ్గుతో రుద్దినట్టు ఉంది.

"గిది నాదేనా? కొన్న కణాల కంటె జోర్దార్‌గ వచ్చింది గదా!" అని ఆయన మురిసిపోయారు.

"అవ్ సార్. మొన్న ఖాళీ గడిల వచ్చింది గూడ మీదే" అంది స్వప్న, నేను ఆపేలోపే.

తల మీదికి లేచిన ఆయన చేయి మధ్యలో ఆగింది. కాసేపటికి అదే చేత్తో ఆమె పర్మనెంట్ కాగితం మీద సంతకం చేశారు. బ్యాచ్ మధ్యాహ్నం బండి ఎక్కింది.

నియమం రాసేటప్పుడు దాని కారణం కూడా సరిగా రాయాలని ఆ ఉదయం నేర్చుకున్నాను. టోపీ వెంట్రుకల కోసమని రాసుకున్నాం. అది తల కోసం.