గెడ్డ గండి దగ్గర తువ్వాలు

ఇప్పుడు ఉక్కు కర్మాగారం గోడ లోపల కలిసిపోయిన మా ఊరు పడమట కొండకీ తూర్పున సముద్రానికీ మధ్య ఉండేది. ఎగువ మెట్టలో చోళ్ళు, పల్లంలో వరి, ఆ దిగువ ఇసుకలో జీడితోటలు. వారం వారం సంత జరిగేది, బియ్యం మిల్లు ఒకటుండేది కాబట్టి మేము దాన్ని పల్లె అంటే ఒప్పుకునేవాళ్ళం కాదు, టౌననేవాళ్ళం. కొండ మీంచి దిగే గెడ్డ ఒక్కటే అన్ని మడులకూ దిక్కు. ఊరి చరిత్రంటే ఆ నీటికోసం పగిలిన తలల చరిత్రే. మా తాతగారి నుదుటి మీద గొడ్డలి మచ్చ ఉండేది.

గెడ్డ నీటిని కాలవలోకి మళ్ళించే గండి దగ్గర, వంతు వచ్చినవాళ్ళు తమ తువ్వాలు రాయి కింద పెట్టాలి. వంతయ్యాక ఆ ఇంటి మనిషే తియ్యాలి; అది తీసేదాకా తర్వాతివాళ్ళు నీరు మళ్ళించుకోకూడదు. పరాయివాళ్ళు ముట్టుకుంటే వాళ్ళ వంశానికే నీరు పుట్టదని నమ్మకం.

నా పదో ఏట వానలు పడలేదు. మా వంతు మధ్యాహ్నానికి అయిపోవాలి. నాన్నకు ఒళ్ళు కాలిపోయే జ్వరం. తువ్వాలు పెట్టి తుమ్మచెట్టు కింద నిద్రపోయారు. అమ్మా నేనూ అంబలి పట్టుకెళ్ళేసరికి పొద్దు వాలింది. పల్లం రైతులు నలుగురు ఆయన్ని చుట్టుముట్టి ఉన్నారు.

ముందున్నాయన నాన్నకు బావ వరస. "ఏటి బావా, మా మడి నెర్రలిచ్చీసింది, నువ్వు నిద్దరోతన్నావా? తియ్యి తువ్వాలు!" అంటూ లేవదీశాడు. నాన్న జ్వరంలో తూలి అతని మీద పడ్డారు. కొట్టడానికొచ్చారనుకున్నాడేమో, పార కామతో చెవి పక్కన బాదాడు. మిగతావాళ్ళు కాళ్ళతో తన్నారు. పక్కటెముక విరిగిన చప్పుడు నేను విన్నాను. నాన్న నోట్లోంచి నురగతో నెత్తురొచ్చింది. అమ్మ అడ్డం పడితే ఆమె భుజం మీదా దెబ్బ పడింది.

నాన్న కదలడం మానేశాక వాళ్ళు ఆగారు. చేతులకు నెత్తురంటిన ఆ నలుగురూ తువ్వాలు వంక చూస్తూ నిలబడ్డారు. మనిషిని అంతలా కొట్టగలిగారు గానీ గుడ్డ ముట్టుకోలేకపోయారు.

అమ్మ లేచి గండి వైపు నడిచింది. అప్పటికి నాయనమ్మ వచ్చింది. "తియ్యకే! ఆల మడులెండిపోనీ, ఆల గింజ మట్టిగొట్టుకుపోనీ!" అని గుండెలు బాదుకుంది.

"ఆల పిల్లలేటి సేసినారత్తా?" అని అమ్మ గెడ్డలోకి దిగి తువ్వాలు లాగేసింది. పల్లం వాళ్ళొకరు పారతో గండి పూడ్చేసరికి నీరు పల్లానికి మళ్ళింది. అమ్మ గట్టెక్కి బావ వరసాయనతో ఒక్కమాటే అంది: "మా వంతు అయిపోనాది అన్నా, ఇప్పుడు నీ బండి కట్టు."

అతను ఏడుస్తూ ఎడ్లను కట్టాడు. నాన్న తల అమ్మ ఒళ్ళో ఉంది. పెద్దాసుపత్రిదాకా దారంతా నేను సింహాద్రి అప్పన్నను పిలుస్తూనే ఉన్నాను. మూడోనాడు నాన్న కళ్ళు తెరిచారు. ఆ స్వామి దయకు నేటికీ పొద్దున్నే మొదటి దణ్ణం పెట్టుకుంటాను. బండి కట్టిన ఆ చేతులకు కూడా. అదే చేతులతో కొట్టాడని మరిచిపోకుండానే.

నాన్నకు కుడి చెవి పోయింది. ఇంట్లో నాచేత పాఠం చదివించేటప్పుడు, ఎడమవైపుకు జరిగి కూర్చోమనేవారు.